దారం కట్టిన కాయలు

"ఆ చీపురు పక్కకి లాగు, వీడియోలో పడుతోంది" అన్నాడు మా ఆయన.

చీపురు నా చేతిలోనే ఉంది కాబట్టి దాంతోపాటు నేనూ పక్కకి జరిగాను. నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి, అక్కడున్న తెల్ల మందారం కుండీకి చీపురు ఆనించి, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా నిలబడ్డాను. ఊపిరి వినపడితే మళ్ళీ మొదటినుంచి తీయాలంటాడు. నాకు షాపుకి టైమవుతోంది.

"నమస్కారం మిత్రులారా! ఇంత ఎండల్లో కూడా నా తోట ఎలా నవ్వుతోందో చూడండి. రహస్యమేమీ లేదు, ప్రేమగా చూసుకోవాలి, అంతే. రేపు ఆదివారం పొద్దున మన వేసవి పూల పంపకం మా మేడ మీదే. నా కొత్త మందారం రేపే విచ్చుకోబోతోంది. ఈ రంగు ఇంకెవరి దగ్గరా లేదు. అందరూ రండి. నా తోటలో ఏది కావాలన్నా తీసుకెళ్ళండి. అడిగినవాళ్ళకి లేదనను!"

ప్రేమగా చూసుకోవడమంటే ఏమిటో నా మోకాళ్ళని అడగాలి. నలభై ఒక్క కుండీలు, ఇరవై రెండు మెట్లు, రోజుకి పన్నెండు బకెట్లు. మేడ మీద కొళాయి బిగుసుకుపోయి రెండేళ్ళయింది. మా ఆయన పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో. "మావాళ్ళకి చెప్తాలే" అంటాడు. ఆ మావాళ్ళు ఎవరో రెండేళ్ళుగా నేను చూడలేదు. వంటింట్లో కూరలు కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు, అన్నీ పైకి మోసేది నేనే. పొద్దున్నే ఆ బకెట్ల చప్పుడుకి నిద్ర చెడిపోతోందని మా అత్తయ్య విసుక్కుంటుంది. "మొక్కలకి చేసే సేవలో సగం మొగుడికి చేస్తే ఈపాటికి వాడు ఇంకో మెట్టు ఎక్కేవాడు" అంటుంది. ఏ మెట్టు ఎక్కాలో తెలీదుగానీ, ఈ ఇరవై రెండూ మాత్రం ఆయన వీడియోకి తప్ప ఎక్కడు.

ఇదంతా నా తెలివితక్కువతనంతోనే మొదలైంది. మా ఊళ్ళో ఇంటి పూలు పెంచేవాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపుంది. మూడేళ్ళ కిందట నా పసుపు మందారం ఫొటో అందులో పెట్టాలనిపించింది. నా ఫోను పాతది, ఫొటో తీస్తే మందారమూ ఒకటే, మసిగుడ్డా ఒకటే. మా ఆయన ఫోన్లో తీసి, ఆయన నంబరుతోనే పెట్టించాను. ఐదు నిమిషాల్లో నలభై మంది మెచ్చుకున్నారు. "మీ చేతి చలవ సార్!" అన్నారు. ఆయన ఆ మాట రెండుసార్లు చదువుకుని, నా వంక చూసి నవ్వాడు. మా ఆవిడ పెంచిందండీ అని రాస్తాడనుకున్నాను. "ధన్యవాదాలు, అంతా మీ అభిమానం" అని రాశాడు. అదేమిటండీ అంటే, "నీదీ నాదీ ఏంటే, మనింట్లో పూసిందే కదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. మూడేళ్ళుగా వెతుక్కుంటూనే ఉన్నాను.

షాపులోనూ నా సంగతి ఇంతకన్నా గొప్పగా లేదు. పద్నాలుగేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో చేస్తున్నాను. కళ్ళమధ్య దూరం కొలిచేది, అద్దం అరగదీసేది, ఫ్రేములో కూర్చోబెట్టేది నేను. వచ్చినవాళ్ళు నన్ను దాటి లోపలికి చూసి "పెద్దాయన లేరా?" అంటారు. ఓనరుగారు వచ్చి, నేను బిగించిన జోడు అందుకుని, ఉఫ్ఫని ఊది, గుడ్డతో ఒకసారి తుడిచి చేతికిస్తారు. వాళ్ళు ఆయనకి థాంక్స్ చెప్పి వెళతారు. ఆ షాపు వల్ల నాకు మిగిలింది రెండు వస్తువులు. అద్దాల మీద దుమ్ము దులిపే సన్నటి బ్రష్షు ఒకటి. కొత్త ఫ్రేముల్లోంచి తీసి పారేసే ఉత్తుత్తి ప్లాస్టిక్ అద్దాలు రెండోది.

ఆ బ్రష్షుతోనే నేను మందారాలకి సంబంధాలు కుదురుస్తాను. పొద్దున పువ్వు విచ్చుకోగానే ఒకదాని పుప్పొడి తీసి, రెండోదాని నడిమి కాడ కొసకి అద్దాలి. నిలిస్తే పువ్వు రాలిపోయి కాయ కడుతుంది. ఆ కాయకి రంగు దారం కట్టి, యాభై అరవై రోజులు కళ్ళలో పెట్టుకుని చూసుకోవాలి. ఎండి పగిలే ముందు కోసి, గింజ నాటి, మళ్ళీ రెండేళ్ళు ఆగితే అప్పుడొక పువ్వు. ఏ రంగు వస్తుందో కన్నవాళ్ళకి కూడా తెలీదు. ఉత్తుత్తి అద్దం మీద సూదితో తల్లి పేరు, తండ్రి పేరు, తారీకు గీసి కుండీ అంచున మట్టిలో గుచ్చేస్తాను. పైకి కనపడితే మా ఆయన చెత్త అంటాడు. అందుకే వేలెడు లోతున పెడతాను.

మా గ్రూపులో ఒక పద్ధతుంది. గ్రూపు మొదలుపెట్టిన లెక్కల మాస్టారు పెట్టింది. పంపకం రోజున కొత్త పువ్వు తెచ్చినవాళ్ళు దాని పుట్టుక చెప్పాలి. కాయ మోసిన మొక్క పేరు ముందు, పుప్పొడి ఇచ్చినదాని పేరు తర్వాత. ఎంత పెద్ద తోట ఉన్నవాళ్ళయినా ఈ వరస తప్పకూడదు. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు రెండుసార్లు చదువుకున్నాను. లోకంలో ఒక్క చోటైనా మోసినవాళ్ళ పేరు ముందు రాస్తున్నారు కదా అనిపించింది.

రేపు విచ్చుకోబోయే మొగ్గ నేను పన్నెండు గింజలు నాటితే బతికిన ఒకే ఒక్క మొక్కది. దానికి మా ఆయన అప్పుడే వాళ్ళమ్మ పేరు పెట్టేశాడు. ఆవిడ నాలుగు రోజులుగా ఫోన్లో చుట్టాలందరికీ చెప్పుకుంటోంది. ఆ మేడ ఆవిడ ఎక్కి మూడేళ్ళు దాటింది.

సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి మా ఆయన మెట్ల కింద ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతులకి మట్టి. పెళ్ళయిన ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ చేతులకి మట్టి చూడటం అదే మొదలు.

"పైకి రా. నువ్వు నమ్మలేవు" అన్నాడు.

నిజంగానే నమ్మలేకపోయాను. మేడంతా అద్దంలా ఉంది. కుండీలన్నీ బారుగా పేర్చి ఉన్నాయి. ఏ మొక్క మీదా ఒక్క వాడిన రెక్క లేదు, ఒక్క ఎండుటాకు లేదు. ఒక్క దారమూ లేదు.

"దారం కట్టిన కాయలేవి?" అన్నాను.

"ఏ కాయలు? ఆ బుడిపెలా? వాడిన పూలు తుంచేస్తే కొత్త మొగ్గలొస్తాయని మాస్టారే రాశారు గ్రూపులో. ఎండిన బుడిపెలు, వాటికి పిచ్చి దారాలు, చూసినవాళ్ళేమనుకుంటారు? రెండు గంటలు వంగి కోశాను. నడుం పట్టేసింది."

"అవి వాడిన పూలు కావండీ. గింజకట్టిన కాయలు. నలభై రోజుల కిందట కట్టాను. ఇంకో ఇరవై రోజులాగితే..."

"ఆగితే ఏమవుతుంది? మళ్ళీ కాస్తాయి. చెట్టుకి కాయలు కొత్తా?"

కింద నుంచి మా అత్తయ్య అందుకుంది. "వాడు పని చెయ్యకపోతే తప్పు, చేస్తే తప్పు! నాలుగు ఎండు కాయల కోసం మొహం మాడ్చుకోకమ్మాయ్, రేపు పదిమంది వస్తారు."

చెత్తసంచి మెట్ల పక్కనే ఉంది. కూర్చుని, చేతులు పెట్టి వెతికాను. ఎర్ర దారంది దొరికింది, పసుపుది దొరికింది. ఒకటి గోటితో చీల్చి చూశాను. లోపల గింజలు తెల్లగా, మెత్తగా, పాలు కారుతూ ఉన్నాయి. ఇవి మొలవవు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆయన మీద ఎంత మండిందో నా మీద అంతకన్నా ఎక్కువ మండింది. మూడేళ్ళుగా ఇది నా తోట అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పి ఉంటే, ఏది కాయో ఏది చెత్తో అడిగి కోసేవాడేమో.

లెక్కపెట్టాను. పదకొండు. నేను కట్టింది పన్నెండు. మళ్ళీ వెతికాను, సంచి బోర్లించి వెతికాను. పదకొండే.

లేచి ట్యాంకు వెనక్కి వెళ్ళాను. వీడియోలో పడని చోటది, ఆయన సర్దలేదు. పొద్దున నేను తెల్ల మందారానికి ఆనించిన చీపురు అలాగే ఉంది. దాని ఈనెల వెనక, కింది కొమ్మకి, నీలం దారంతో ఆ పన్నెండోది వేలాడుతోంది. దాన్ని ముట్టుకోలేదు. చీపురు కూడా తీయలేదు. ఏమీ చూడనట్టు కిందికి దిగి అన్నం వండాను.

భోంచేస్తుండగా మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా అడిగాడు. "అవునూ, ఆ కొత్తదానికి తల్లేది? మాస్టారు అడుగుతారు."

"ట్యాంకు వెనక తెల్లది తల్లి. మెట్ల దగ్గర ఇటుక రంగుది తండ్రి."

"సరే సరే" అన్నాడు. విన్నాడో లేదో నేను మళ్ళీ అడగలేదు. మామూలుగా అయితే ఒక కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టేదాన్ని.

పొద్దున బకెట్టుతో పైకి వెళ్ళేసరికి పువ్వు విచ్చుకుని ఉంది. అరచెయ్యంత. అంచున ఇటుక రంగు, లోపలికి పోనుపోను పాల తెలుపు, నడిమిన నేరేడుపండు మరక లాంటి నలుపు. బకెట్టు కింద పెట్టి చూస్తూ కూర్చున్నాను. చాలా సంతోషమేసింది. ఇలాంటిది నా చేతి మీదుగా వచ్చిందని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది, చెప్పుకోడానికి ఎవరూ లేరు. మందారం ఒక్క రోజే ఉంటుంది. సాయంత్రానికి ముడుచుకుపోతుంది. నాకున్నది ఈ ఒక్క రోజు.

తొమ్మిదికల్లా పద్దెనిమిది మంది వచ్చారు. తడిగుడ్డల్లో చుట్టిన గులాబీలు, గాజు సీసాల్లో నిలబెట్టిన లిల్లీలు, బుట్టల్లో బంతులు. నర్సమ్మ కాగితం పొట్లంలో దుంపలు తెచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసినట్టుంది, తెల్ల బట్టల్లోనే ఉంది. మా అత్తయ్య కుర్చీ పైకి తెప్పించుకుని కొత్త మందారం పక్కనే కూర్చుంది. నేను టీలతో కిందికీ పైకీ తిరుగుతున్నాను.

"ఇదిగోండి మాస్టారూ! మా అమ్మ పేరు పెట్టాను" అన్నాడు మా ఆయన. మా అత్తయ్య కొంగు సర్దుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

మాస్టారు వంగి పువ్వుని చాలాసేపు చూశారు. "ఇలాంటి నడిమి రంగు నేను చూడలేదు సార్. తల్లెవరు?"

మా ఆయన కుండీల వరసంతా ఒకసారి కలయజూశాడు. తర్వాత చెయ్యి చాచి, గోడ పక్కనున్న ఎర్ర ముద్ద మందారాన్ని చూపించాడు. "అదే!"

వంగి ఉన్న మాస్టారు నిటారుగా నిలబడ్డారు. పూల పనిలో ఓనమాలు తెలిసినవాళ్ళకి కూడా తెలుసు, ఆ ముద్ద మందారం కాయ కాయదు. రెక్కల మీద రెక్కలు తప్ప దానికేమీ ఉండదు. బంతులు తెచ్చిన దర్జీ మెల్లగా అన్నాడు. "మా దగ్గర పదేళ్ళుగా ఉంది సార్, ఒక్క కాయ కాయలేదు. మీకెలా కాసింది?"

మా ఆయన మొహం జేవురించింది. అంతలోనే నవ్వేశాడు. "అదేనండీ నా బాధ! మా ఆవిడకి నీళ్ళు పొయ్యమని చెప్తే కుండీలన్నీ అటూ ఇటూ జరిపేస్తుంది. ఏది ఎక్కడుందో కలగాపులగం చేసేసింది. ఆడవాళ్ళకి పని చెప్తే ఇంతే మరి!"

అందరూ నా వైపు తిరిగారు. టీ ట్రేతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. మా ఆయన నా వంక చూసి ఒక కనుబొమ్మ ఎత్తాడు. ఆ కనుబొమ్మ నాకు ఇరవై ఒక్క ఏళ్ళుగా తెలుసు. బంధువుల ముందు, ఆఫీసువాళ్ళ ముందు, అది పైకి లేవగానే "అవునండీ, నాదే పొరపాటు" అని నవ్వడం నాకు అలవాటు. ఆ మాట ఇప్పుడు కూడా నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు జాలిగా తల పంకిస్తున్నారు. ఒక్క మాట అంటే అయిపోతుంది, అందరూ టీ తాగి వెళ్ళిపోతారు. ట్యాంకు వెనక నుంచి చీపురు కట్ట కొంచెం బయటికి కనిపిస్తోంది.

ట్రే పిట్టగోడ మీద పెట్టాను. కొత్త మందారం దగ్గరికి వెళ్ళి, మా అత్తయ్య కాళ్ళ పక్కన కూర్చుని, కుండీ అంచున వేలు దించాను. ఉత్తుత్తి అద్దం బయటికి తీసి, మట్టి తుడిచి, నర్సమ్మకి ఇచ్చాను.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది. "తల్లి, ట్యాంకు వెనక తెల్లది. తండ్రి, మెట్ల దగ్గర ఇటుక రంగు. కింద తారీకుంది. పొద్దున ఆరున్నర అని కూడా ఉంది." అద్దం తిప్పి చూసింది. నన్ను చూసింది. "ఈ రాత నాకు తెలుసమ్మా. నా కళ్ళజోడు కవరు మీద ఇదే రాత. ఈ పువ్వు నువ్వు పుట్టించిందా?"

"నేనేనండీ. గింజ నుంచి పెంచిన ప్రతిదాని కుండీలోనూ ఇలాంటి అద్దం ఉంది, తీసి చూడండి."

"మరి మూడేళ్ళుగా చెప్పలేదేం సార్?" అన్నారు మాస్టారు.

ఇప్పుడు ఆయన ఏమంటాడా అని చూశాను. నిజం చెప్తాను, ఇంకా కొంచెం ఆశ ఉంది నాకు. మా ఆవిడేనండీ అని ఒక్క ముక్క అంటే చాలు, మళ్ళీ పన్నెండు బకెట్లూ మోసేదాన్నే.

"భలేవారే మాస్టారూ! ఆవిడ చేస్తే నేను చేసినట్టు కాదా? మా ఇంట్లో పూసింది మాది కాకపోతే ఎవరిదవుతుంది?" అని గట్టిగా నవ్వాడు. నలుగురైదుగురు ఆయనతోపాటు నవ్వారు. మా అత్తయ్య కూడా నవ్వింది. అద్దం నర్సమ్మ చేతిలో అలాగే ఉంది.

మూడేళ్ళుగా వెతుక్కుంటున్న జవాబు నాకు అప్పుడు దొరికింది. ఈ ఇంట్లో పూసినన్నాళ్ళూ ఇది నాది కాదు. ఎన్ని అద్దాలు తవ్వి తీసినా కాదు.

"నిన్న వీడియోలో ఆయన చెప్పారు కదండీ" అన్నాను. "తోటలో ఏది కావాలన్నా తీసుకెళ్ళమని. తీసుకెళ్ళండి."

"కొమ్మ కత్తిరించుకోమంటావా అమ్మా?" అన్నాడు దర్జీ.

"కొమ్మ కాదు అన్నయ్యా, కుండీ. ఆ ఇటుక రంగు మీరు తీసుకోండి. వారానికోసారి మట్టి గుల్ల చెయ్యండి. మాస్టారూ, పసుపుది మీకు. దానికి మధ్యాహ్నం ఎండ పడదు."

మా ఆయన దగ్గరికొచ్చి పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "ఏం చేస్తున్నావే?"

"మీ మాట నిలబెడుతున్నానండీ."

"ఏమిట్రా ఇది, చూస్తూ ఊరుకుంటావేం?" మా అత్తయ్య కుర్చీలోంచి లేచింది.

మాస్టారు తటపటాయించారు. "సార్, మీకు సమ్మతమేనా?" అప్పటికే నాలుగు ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. వీడియోలంటే మా గ్రూపులో అందరికీ సరదానే. మా ఆయన ఆ ఫోన్లని చూశాడు, నన్ను చూశాడు. "ఆఁ... ఆఁ... తప్పకుండా! అడిగినవాళ్ళకి లేదంటానా!" అన్నాడు. ఆ నవ్వు మొహానికి అతికించినట్టుంది.

ఇక నేను ఆగలేదు. ఒక్కొక్కరికి రెండేసి, మూడేసి. అద్దమున్న కుండీలోంచి అద్దం తీసి చూపించి, ఆ మొక్క అమ్మెవరో నాన్నెవరో చెప్పి, ఎంత నీరు పొయ్యాలో చెప్పి ఇచ్చాను. కొన్నిటిని చెయ్యి వదలనంది. మూడేళ్ళు మోసిన ప్రాణం కదా, ఊరికే ఎలా వదులుతుంది? అయినా అడిగినవాళ్ళకి ఏదీ లేదనలేదు. ఇరవై రెండు మెట్లూ దిగుతున్నవాళ్ళతో నిండిపోయాయి.

కొత్త మందారం నర్సమ్మ చేతికిచ్చాను. "చోటు నాది, చెట్టు నీది. షాపు నుంచి వచ్చేటప్పుడు రోజూ రా" అంది ఆవిడ. "మరి ఈ పేరు?"

"అత్తయ్యగారి పేరు అత్తయ్యగారి దగ్గరే ఉండనివ్వండి. దీనికి ఇంకా పెట్టలేదు."

ఆఖరికి ట్యాంకు వెనక తెల్లది మిగిలింది. చీపురు తీసి పక్కన పెట్టాను. నీలం దారం, కింద కాయ. మాస్టారు చూసి చెయ్యి అడ్డు పెట్టారు, ఎవరూ తగలకుండా. ఆ కుండీ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నేనే ఎత్తుకుని కిందికి దిగి, రోడ్డు దాటి, వీధి చివర షాపు వెనక మెట్ల మీద పెట్టి వచ్చాను. అక్కడ పొద్దుటి ఎండ బాగా పడుతుంది. ఓనరుగారు అడిగితే నాదని చెప్తాను.

తిరిగి పైకి వెళ్ళేసరికి మా ఆయన మేడ మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోనుంది. చుట్టూ నేల మీద కుండీలు లేచిపోయిన చోటల్లా గుండ్రటి తడి మరకలు, నలభై ఒకటి, ఎండకి ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయి. ఇంత ఖాళీ మేడని మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు.

ట్యాంకు పక్కనున్న చీపురు తీసుకెళ్ళి ఆయన రెండో చేతికిచ్చాను.

"ఇప్పుడు తీసుకోండి వీడియో" అన్నాను. "అడ్డం ఏమీ లేదు."